బడిబస్సులో తోడుమనిషి

ఈ సంచికకు పల్నాటి మీద ఏదైనా రాసి ఇమ్మని సంపాదక మిత్రుడు అడిగాడు. అతని మనసులో ఏముందో నాకు తెలుసు. పల్నాడనగానే కారంపూడి, నాగులేరు, కోడిపోరు, నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడి చాపకూడు. వాటి మీద నాకంటే బాగా రాయగల అధ్యాపకులు మన తెలుగు శాఖలోనే వున్నారు. నేను రెండేళ్ళపాటు రోజూ చూసిన పల్నాడు ఒక పసుపుపచ్చ బస్సు కిటికీలోంచి చూసింది. ఆ బస్సు సంగతి రాస్తానన్నాను. "బస్సులో ఏముంటుందోయ్ రాయటానికి?" అన్నాడు. ఇదుగో, ఏముంటుందో చెబుతాను.

డిగ్రీ అయ్యాక ఇంట్లో పరిస్థితులు బాగుండక వెంటనే పీజీలో చేరలేకపోయాను. నరసరావుపేటలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే ఒక బడిలో బస్సు మీదికి మనిషి కావాలని తెలిసింది. పల్నాడు జిల్లా ఏర్పడిన ఏడాదే, 2022 జూలైలో, పనిలో చేరాను. 2024 ఏప్రిల్‌లో మానుకున్నాను. నాకిచ్చిన కాగితం మీద 'హెల్పరు' అని ఒక్క మాట వుంది. డ్రైవరు బాబాయి నన్ను 'క్లీనరబ్బాయ్' అనేవాడు. తల్లులు 'తమ్ముడూ' అనేవాళ్ళు. మా నాన్న మాత్రం ఎవరైనా అడిగితే "స్కూల్లో పని" అని చెప్పి మాట మార్చేవాడు. జీతం నెలకు ఏడువేలు.

తలుపు తియ్యటం, తలుపు వెయ్యటం, "రైట్ రైట్" అనటం, ఇంతే పని అనుకున్నాను. మొదటిరోజు ఇక్కుర్రులో ఒక తొమ్మిదేళ్ళ పిల్లవాడు మెట్టు దగ్గరే ఆగిపోయి, బస్సు కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ఎక్కనూ లేదు, వదలనూ లేదు. వెనక వాళ్ళమ్మ. పక్కన నేను. బాబాయి హారన్ కొట్టాడు. హారన్ విని ఆ పిల్లవాడు చెవులు మూసుకుని అక్కడే కూలబడ్డాడు. కరోనా వల్ల 2020 మార్చిలో బళ్ళు మూతపడినప్పటినుంచీ ఈ పిల్లలు చాలాకాలం ఇంటి గుమ్మం దాటలేదు. మామూలు పిల్లలు బడికి అలవాటు పడటానికి వారం చాలింది. మా పిల్లల్లో కొందరు బస్సంటే ఏమిటో కూడా మర్చిపోయారు. వీళ్ళకి మెట్టు ఎక్కటం మళ్ళీ నేర్పటమే మా మొదటి మూడు నెలల పాఠం.

ఒకసారి బడిబస్సు మొదటి మెట్టు చూడండి. నేలకూ దానికీ ఎంత ఎత్తుంటుందో మనం ఎప్పుడూ గమనించం. పట్టుమని పదేళ్ళు లేని పిల్లవాడికి అది మోకాలి ఎత్తు. కాళ్ళలో పట్టు లేని పిల్లవాడికి అది గోడ. మేం కొబ్బరి మొద్దు ఒకటి కోయించి, పైన గోనెసంచి మేకులతో కొట్టి, తాడుకట్టి బస్సులో వేసుకు తిరిగేవాళ్ళం. ప్రతి స్టాపులో అది దించటం, మళ్ళీ లాక్కోవటం. చదువుకు సంబంధించి నేను చేసిన పెద్ద పని ఏదంటే ఆ మొద్దే చెబుతాను.

చట్టం ఏమంటున్నదో కూడా నేను ఈ పనిలో వుండగానే చదివాను. 1995 నాటి వికలాంగుల చట్టంలో 30వ సెక్షను, ఈ పిల్లలను బడికి చేర్చటానికి వాహన సౌకర్యం గానీ, అది లేకపోతే తల్లిదండ్రులకు డబ్బు సహాయం గానీ వుండాలన్నది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. వైకల్యాల సంఖ్య ఏడు నుంచి ఇరవై ఒకటి అయింది. ప్రభుత్వం నిధులిచ్చే, గుర్తింపునిచ్చే విద్యాసంస్థలు ఈ పిల్లలకూ, ఎక్కువ ఆసరా అవసరమైన పిల్లల వెంట వచ్చే సహాయకులకూ కూడా రవాణా ఏర్పాటు చెయ్యాలని 16వ సెక్షను చెబుతున్నది. అంటే తోడుమనిషి అనేవాడు చట్టం గుర్తించినవాడే. అమెరికాలో అయితే 1975లో చేసిన చట్టంలోనే ఇలాంటి పిల్లలను బడికి చేర్చటాన్ని చదువుకు సంబంధించిన సేవల్లో ఒకటిగా లెక్కవేశారు. అంతేగాని బడి ఇచ్చే దానంగా కాదు. మన దగ్గర మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. సమగ్ర శిక్ష కింద రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్టు భత్యం అని ఇస్తారు. ఇవ్వటం మంచిదే. కాని బిడ్డను తీసుకొచ్చే తల్లికి ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలికీ వచ్చిన భత్యానికీ మధ్య వున్న తేడాను ఆమె ఎన్ని నెలలు భరిస్తుందన్న దాని మీదే ఆ బిడ్డ చదువు ఆధారపడి వుంటుంది.

ఇక పని వివరం. మా బస్సులో పదహారుమంది పిల్లలు. పదహారుమందికీ పదహారు రకాల ఎక్కించే పద్ధతులు. వీటిని నాకు నేర్పింది మా బడిలో ఫిజియోథెరపీ మేడమ్. చేరిన వారానికి ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళూ చేతులూ బిగబట్టుకోమని, "ఇప్పుడు నిన్ను ఎత్తుతాను, ఎట్టా వుందో చెప్పు" అన్నది. ఎత్తబడటం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. భయమేస్తుంది. పడిపోతామనిపిస్తుంది. ఎత్తేవాడు చెప్పకుండా ఎత్తితే ఇంకా భయం. అంచేత మొదటి సూత్రం, ముట్టుకునే ముందు చెప్పటం. పిల్లవాడికి మాట అర్థంకాదని మనం అనుకున్నా సరే, చెప్పే ముట్టుకోవాలి.

సెరిబ్రల్ పాల్సీ వున్న పిల్లలకు మెదడులో జరిగిన దెబ్బ వల్ల కండరాలు మాట వినవు. కొందరికి కాళ్ళు కత్తెరలా ఒకదానిమీదొకటి ముడిపడతాయి. బలవంతాన విడదీయబోతే ఇంకా బిగుస్తాయి. ముందు తుంటి దగ్గర, మోకాళ్ళ దగ్గర మెల్లిగా వంచితే వాటంతటవే వదులవుతాయి. హఠాత్తుగా బ్రేకు వేసినా, హారన్ మోగినా ఒళ్ళంతా ఒక్కసారి కొయ్యబారుతుంది. అందుకని గుంట వస్తే ముందే కేకెయ్యమని బాబాయికి చెప్పాను. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల లారీలు చాలాకాలం తోలిన మనిషి ఆయన. లారీలో సున్నం ఉలిక్కిపడదు గదా. ఆర్నెల్లు పట్టింది ఆయనకు అలవాటు కావటానికి.

కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు వున్న పిల్లవాణ్ణి, మనం అందరం చేసేట్టు, చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. భుజాల్లో పట్టు వుండదు కాబట్టి చేతులు పైకి లేచిపోయి మనిషి కిందికి జారిపోతాడు. ఒక చెయ్యి వీపు చుట్టూ, ఒక చెయ్యి తొడల కింద. డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో కొందరికి మెడ ఎముకల జాయింటు వదులుగా వుంటుంది. వాళ్ళని సరదాకైనా తల పట్టుకుని వూపటం, ఎగరెయ్యటం పనికిరాదు. చూపు లేని పిల్లవాణ్ణి మనం చెయ్యిపట్టి లాక్కుపోకూడదు. వాడు మన మోచెయ్యి పట్టుకుంటాడు, మనం అర అడుగు ముందు నడుస్తాం. మెట్టు వచ్చినప్పుడు మన మోచెయ్యే వాడికి చెబుతుంది. వినపడని పిల్లను వెనకనుంచి తట్టకూడదు, ఎదురుగా వచ్చి కనపడాలి. చక్రాల కుర్చీని బస్సు పోయే వైపుకు ముఖం వుండేట్టే నిలపాలి, అడ్డంగా కాదు. నాలుగు మూలలా నాలుగు పట్టీలతో నేలకు కట్టాలి. ఆ తర్వాత పిల్లవాడికి వేరే పట్టీ. కుర్చీని కట్టేశాం గదా అని పిల్లవాణ్ణి కట్టకపోతే, బ్రేకు వేసినప్పుడు కుర్చీ అక్కడే వుంటుంది, పిల్లవాడు వుండడు.

కదిలే బస్సులో తినటానికి ఏమీ పెట్టకూడదు. మింగటం కష్టమైన పిల్లలకు ఒక బిస్కెట్టు ముక్క అడ్డం పడినా ప్రమాదమే. అమ్మమ్మలతో ఈ విషయంలో రోజూ తగాదా. "ఖాళీ కడుపుతో ఎట్టా పంపేది నాయనా" అని కొంగు చాటునుంచి ఇడ్లీ పొట్లం తీసేవాళ్ళు. నేను పొట్లం తీసుకుని బడిలో ఇచ్చేవాణ్ణి.

మూర్ఛ సంగతి కాస్త వివరంగా చెబుతాను. ఇది మీలో ఎవరికైనా, ఏ బస్సులోనైనా పనికొస్తుంది. మా పదహారుమందిలో అయిదుగురికి ఫిట్స్ వుండేవి. మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బాబాయి బస్సు పక్కకు ఆపి, పరుగున వచ్చి, తాళాలగుత్తి ఆ పిల్ల చేతిలో పెట్టబోయాడు. ఇనుము పట్టుకుంటే ఆగుతుందని మన వూళ్ళలో అందరూ చేసే పనే. ఇనుము వల్ల ఆగదు, దానంతటదే ఆగుతుంది. ఆగేసరికి చేతిలో ఇనుము వుంది కాబట్టి దానివల్లే ఆగిందనుకుంటాం. ఇంకోసారి వచ్చినప్పటికి నేను నేర్చుకున్నాను. "బాబాయ్, తాళాలు వద్దు, టైం చూడు" అన్నాను. మొదలైన నిమిషం గుర్తుపెట్టుకోవాలి. మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలేట్టు పడుకోబెట్టాలి, నోట్లో వూరేది బయటికి పోతుంది. తల కింద మెత్తటిది ఏదన్నా పెట్టాలి. మెడ దగ్గర గుండీ వదులు చెయ్యాలి. కొట్టుకునే కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకోకూడదు. పళ్ళ మధ్య చెంచాలు, గుడ్డలు పెట్టకూడదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు తాగించకూడదు. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో తగ్గుతుంది. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్ళీ వచ్చినా, 108కి ఫోన్ చెయ్యటమే. నా రెండేళ్ళలో ఆ ఫోన్ ఒక్కసారి చేశాను.

బస్సులో మిగతా పదిహేనుమంది వున్నారన్న సంగతి మాత్రం పుస్తకాల్లో రాయరు. ఒకరికి ఫిట్స్ వస్తే ఇంకొకరు ఏడుస్తారు, ఒకరు నవ్వుతారు, ఒకరు తలుపు తియ్యబోతారు. అందుకని బాబాయి నా మాట మీద ఒక పని నేర్చుకున్నాడు. నేను వంగి పిల్లను చూస్తున్నంతసేపూ ఆయన తలుపుకు అడ్డంగా నిలబడి, అందరికీ వినపడేట్టు పాత సినిమా పాటలు పాడేవాడు. గొంతు ఏమంత బాగుండదు గాని పిల్లలు వినేవాళ్ళు.

బాబాయి గురించి ఇంకొక్క మాట. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో రైలు బడిబస్సును గుద్దింది. ఎంతోమంది పసివాళ్ళు పోయారు. ఆ వార్త ఆయన మనసులో అలాగే వుండిపోయింది. రైలు గేటు బార్లా తీసి వున్నా సరే, బస్సు ఆపి, నన్ను దింపి, నేను అటూ ఇటూ చూసి చెయ్యి వూపితేగాని కదిలించేవాడు కాదు. వెనక ఆటోలవాళ్ళు తిట్టేవాళ్ళు. తిట్టనీ అనేవాడు.

ఆటిజం వున్న పిల్లల విషయానికి వస్తే, నాకు పాఠం చెప్పింది కోటప్పకొండ. ఎల్లమంద వైపునుంచి వచ్చే ఒక పిల్లవాడు రోజూ కుడివైపు మూడో సీటులో కిటికీ పక్కన కూర్చునేవాడు. మాటలు చాలా తక్కువ. కొండ కనపడగానే వేలితో అద్దం మీద మూడుసార్లు తట్టేవాడు. శివరాత్రి దగ్గరపడింది. తిరునాళ్ళకు ప్రభలు కడతారు గదా, అంత ఎత్తు ప్రభలు కొండకు తరలుతుంటే రోడ్లు మళ్ళిస్తారు. 2023లో ఆ ముందురోజు మేం వేరే దోవన పోవలసి వచ్చింది. కుడివైపు కనపడవలసిన కొండ ఎడమవైపు కనపడింది. ఆ పిల్లవాడు ఒక్కసారిగా లేచి, అరిచి, తల కిటికీకేసి కొట్టుకోవటం మొదలుపెట్టాడు. మధ్యలో చెయ్యి పెట్టాను. మణికట్టు మీద గట్టిగా కొరికాడు. ఆ మచ్చ ఇప్పటికీ వుంది. నాకు కోపం వచ్చిందని దాచను. గదమాయించాను కూడా. గదమాయింపు వల్ల ఏం జరుగుతుంది? ఇంకా అరిచాడు.

తర్వాత మా బడి టీచరు విడమరచి చెప్పింది. మనకు దోవ అంటే ఇక్కణ్ణుంచి అక్కడికి చేరటం. వాడికి దోవ అంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే గుర్తుల వరస. వేపచెట్టు, నీళ్ళట్యాంకు, వంతెన, కొండ. ఆ వరస వున్నంతసేపూ లోకం సరిగా వుంది, బడి వస్తుంది, సాయంత్రం అమ్మ వస్తుంది. వరస తప్పితే ఇంకేదీ రాదేమో. మనల్ని నట్టనడి రాత్రి తెలియని స్టేషన్లో దింపేసి రైలు వెళ్ళిపోతే ఎలా వుంటుందో వాడికి అలా వుంటుందన్నమాట. అది మొండితనం కాదు.

మరుసటి సంవత్సరం, 2024 శివరాత్రికి ముందే, ఒక అట్టముక్క మీద బస్సు గీశాను, బస్సుకు ఎడమవైపు కొండ గీశాను, కొండ పక్కన ఒక ప్రభ గీశాను. నేను గీస్తే ప్రభ తాటిచెట్టులాగా వచ్చింది. మూడురోజులపాటు ఎక్కగానే అది చూపించి, "శివరాత్రికి కొండ ఇటు. తర్వాత మళ్ళీ అటు" అని చెప్పేవాణ్ణి. సీటు మార్చలేదు. ఆ రోజు వచ్చింది. వాడు కాసేపు మూలిగాడు. అట్టముక్క రెండు చేతులా పట్టుకుని ముందుకీ వెనక్కీ వూగాడు. కొండ ఎడమవైపు కనపడగానే అద్దం మీద తట్టలేదు, అట్ట మీద తట్టాడు. మూడుసార్లే.

ఉదయం ఎక్కించటం ఒక ఎత్తయితే మధ్యాహ్నమో సాయంత్రమో అప్పగించటం మరో ఎత్తు. ప్రతి పిల్లవాడికీ ముగ్గురి పేర్లు, ఫోటోలు మా దగ్గర వుంటాయి. వాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఇవ్వకూడదు. వినటానికి తేలిక. మన ప్రాంతంలో జనవరి నుంచి మిరపకోతలు. తెల్లవారకముందే ఆటోల నిండా ఆడవాళ్ళు పొలాలకు పోతారు. బస్సు వెళ్ళేసరికి ఇంటికి తాళం. పక్కింటి పెద్దమ్మ "నాకాడ దించిపో నాయనా, నేను చూసుకోనా?" అంటుంది. మంచి మనిషే. కాని పట్టీలో ఆమె పేరు లేదు. పిల్లలందరికీ ఇది వర్తిస్తుంది గాని మా పిల్లల విషయంలో ఇంకా ఎక్కువ. ఎందుకంటే, ఎవరు చెయ్యి చాపినా నవ్వుతూ వెళ్ళిపోయే పిల్లలున్నారు. ఏం జరిగిందో తిరిగి వచ్చి చెప్పలేని పిల్లలున్నారు. ఒకరోజు ఒకాయన బండి మీద వచ్చి "మేనమామనండీ" అన్నాడు. పిల్ల ఆయన్ని చూసి కేరింతలు కొట్టింది. ఆ పిల్ల కరెంటు స్తంభాన్ని చూసినా కేరింతలు కొడుతుంది. ఇవ్వనన్నాను. నలుగురిలో నన్ను అనకూడని మాటలన్నాడు. పిల్లను బస్సులోనే చివరిదాకా తిప్పి, తల్లి వచ్చాక అప్పగించాం. ఆయన నిజంగా మేనమామే. మర్నాడు ఆ తల్లి, "మావోడికి కోపం వచ్చింది గానీ తమ్ముడూ, నువ్వు చేసింది రైటే" అని, ఆయన పేరు కూడా రాయించింది.

ఆడపిల్లల గురించి చెప్పాలి. మా బస్సులో పెద్దపిల్లలు నలుగురు వుండేవాళ్ళు. బట్టలు తడుపుకుంటారు, నెలసరి వస్తుంది. ఆ పనులు నేను చెయ్యతగినవి కావు. ఆయమ్మ వుండాలి. ఉదయం ట్రిప్పులో వుండేది, సాయంత్రం ఖర్చు ఎక్కువని తీసేశారు. ఆర్నెల్లు అడిగితేగాని మళ్ళీ వెయ్యలేదు. బస్సులో చివరగా మిగిలే పిల్ల ఒక్కతీ, ఇద్దరు మగవాళ్ళూ వుండేట్టు రూటు వెయ్యకూడదన్నది కూడా మేం అడగ్గా అడగ్గా మార్చారు. ఇందులో ఎవర్నో అనుమానించటం అనే మాట లేదు. మామీద నింద రాకుండానూ, పిల్లకు ఆపద రాకుండానూ రెంటికీ అదే మార్గం.

ఇప్పుడు నా తప్పు ఒకటి రాస్తాను. రాయకుండా వదిలేస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఏప్రిల్ నెల, ఒంటిపూట బడులు. రెంటచింతల ఎండలు పేపర్లో పడే రోజులు. ఉదయం ఏడూ ముప్పావుకు బడి చేరాం. ఆరోజు ఇద్దరు పిల్లలకు దోవలో వాంతులు. వాళ్ళను కడగటం, బస్సు కడగటానికి నీళ్ళు తేవటం, ఈ హడావుడిలో దిగేవాళ్ళను లెక్కపెట్టలేదు. అందరూ దిగారనుకున్నాను. బాబాయి బస్సు తీసుకెళ్ళి గోడ పక్కన ఎండలో పెట్టి, అద్దాలు మూసి, టీకి వెళ్ళాడు. కాసేపటికి టీచరు వచ్చి, "ఇవాళ ఇక్కుర్రు పిల్లాడు రాలేదా?" అన్నది. వచ్చాడు. నేనే ఎక్కించాను. మొదటిరోజు మెట్టు దగ్గర కూలబడిన ఆ పిల్లవాడే.

బస్సు దగ్గరికి ఎలా పరుగెత్తానో నాకు గుర్తులేదు. చివరి సీటు కింద, బ్యాగు గుండెలకు హత్తుకుని, ముడుచుకుని వున్నాడు. చొక్కా పూర్తిగా తడిసిపోయింది. కళ్ళు తెరిచే వున్నాయి. ఏడవలేదు. పిలవలేదు. వాడికి పిలవటం రాదు. వాంతుల గోలకు భయపడి సీటు కింద దూరాడు, ఎవరో వస్తారని వున్నాడు. పది నిమిషాలై వుంటుంది. నీడకు తెచ్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, నీళ్ళు పట్టి, డాక్టరుకు చూపించాం. ఏమీ కాలేదు. ఇంకో గంట అయితే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయను.

సాయంత్రందాకా ఆగకుండా మధ్యాహ్నమే వాళ్ళమ్మకు నేనే చెప్పాను. బడివాళ్ళు తర్వాత చెబుతామన్నారు, వద్దన్నాను. ఆమె ఏమీ అనలేదు. నాలుగురోజులు పిల్లవాణ్ణి పంపలేదు. అయిదోరోజు వాడితోపాటు తనూ బస్సెక్కింది. ముందునుంచి వెనకదాకా నడిచింది. వంగి ప్రతి సీటు కిందా చూసింది. వాణ్ణి సీటులో కూర్చోబెట్టి దిగిపోయింది.

అమెరికాలో చాలా బడిబస్సుల్లో ఇంజను ఆపగానే గంట మోగే ఏర్పాటు వుందని తర్వాత చదివాను. ఎవరో ఒకరు చివరి సీటుదాకా నడిచివెళ్ళి అక్కడున్న మీట నొక్కితేగాని అది ఆగదు. మీటకోసం పోయినవాడు దోవలో సీట్లన్నీ చూడక తప్పదు. మాకు అలాంటి యంత్రం లేదు. నేను ఒక పలక కొని, బస్సు చివరి కిటికీ కమ్మీకి వేలాడదీశాను. ప్రతి ట్రిప్పు తర్వాత అక్కడిదాకా వెళ్ళి, ఎక్కినవాళ్ళెందరు, దిగినవాళ్ళెందరు అని రాసి, కింద సంతకం చెయ్యాలి. బాబాయి ఆ పలక చూడకుండా తాళం వెయ్యకూడదు. అరవై రూపాయల ఖర్చు. ముందే తోచివుంటే బాగుండేది.

ఇంకో పిల్ల గురించి చెప్పి ముగిస్తాను. ఆమె మా పదహారుమందిలో లేదు. రోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల వూరు. బస్సు లోపలికి పోదు, డీజిలు లెక్క కుదరదన్నారు. మొదట్లో వాళ్ళ నాన్న సైకిలు వెనక చెక్కపీట కట్టి, దానిమీద ఆ పిల్లను తువ్వాలుతో నడుముకు కట్టుకుని రోడ్డుమీదికి తెచ్చేవాడు. పత్తితీతలు మొదలయ్యేదాకా తెచ్చాడు. తర్వాత రెండు రోజులకోసారి, ఆ తర్వాత లేదు. ఇప్పుడు ఆ పిల్లకు ఇంటిదగ్గర చదువు. తీవ్రమైన వైకల్యం వున్న పిల్లలు ఇంటివద్దనే చదువుకునే హక్కు 2012లో విద్యాహక్కు చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. మంచం దిగలేని బిడ్డకు అది వరమే. ఈ పిల్ల మంచం దిగగలదు. బస్సులో వున్న మూడునెలల్లో పక్క సీటు పిల్లతో చేతులు కలిపి చప్పట్లాట ఆడటం నేర్చింది. ఆమెది తీవ్ర వైకల్యమని కాగితంలో వుంది గాని, నేను చూసినంతలో ఆమెకు లేనిది మూడు కిలోమీటర్ల బండి.

నేను మానేసే ముందు నా స్థానంలో వచ్చిన అబ్బాయి మూడురోజులు నాతో తిరిగాడు. మాచర్ల కుర్రాడు, ఇంటర్ ఫెయిలు. వాడికోసం రెండు కాగితాల నిండా రాసి ఇచ్చాను. కుడివైపు మూడో సీటు, కొండ వచ్చేదాకా మాట్లాడించొద్దు. ఫలానా పిల్ల వుదయం కళ్ళు ఎగరేస్తుంటే రాత్రి మాత్ర కక్కిందన్నమాట, వాళ్ళమ్మనడిగి టీచరుకు చెప్పు. ఫలానావాడు నవ్వుతున్నాడంటే భయపడుతున్నాడని. ఫలానా వాళ్ళ అమ్మమ్మకు చూపు ఆనదు, దగ్గరికి వెళ్ళి చేతికి చెయ్యి ఇవ్వు. అతను అంతా చదివి, "అన్నా, ఇన్ని ఎట్టా గుర్తుంటాయి?" అన్నాడు. నాకు మొదటి నెలంతా ఏదీ గుర్తుండలేదని చెప్పాను.

అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. బాబాయి మోకాళ్ళ నొప్పులు, రోడ్డు గుంటలు, కొత్తగా చేరిన పిల్లలు, అన్నీ చెబుతాడు. మొన్న చేసినప్పుడు, ఇక్కుర్రు పిల్లవాడు కొబ్బరి మొద్దు వెయ్యకపోయినా తనంతట తనే బస్సెక్కుతున్నాడనీ, దిగేటప్పుడు మాత్రం ఇంకా చెయ్యి చాపుతున్నాడనీ అన్నాడు.